నెత్తురంటని రివాల్వర్

శుక్రవారం ఉదయం ఎనిమిదీ నలభైకి వెర్నా కెల్సో హార్లన్ బీచమ్ ఇంటి నేలమాళిగలోకి దిగింది. ఒక్కో మెట్టు దగ్గరా గోడకి చెయ్యి ఆనించి మరీ దిగింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. షెరీఫ్ ఆఫీసు గోధుమరంగు చొక్కా తొడుక్కుని ఇరవై రెండేళ్ళుగా హత్యలూ దోపిడీలూ చూస్తూనే ఉంది. అయినా మూసి ఉన్న ఏ తలుపు తోసినా దాని వెనకాల శవమే ఉంటుందని ఆవిడ గుండె ముందే చెప్పేస్తుంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. వెర్నా కీడెంచడం దగ్గరే ఆగిపోతుంది. ఆవిడ ఖర్మ ఏమిటంటే, చాలాసార్లు ఆ కీడే నిజమవుతుంది.

శవాన్ని రాత్రే తీసుకుపోయారు. నెత్తురు మాత్రం అలాగే ఉంది. కుర్చీ వీపు మీద గడ్డకట్టి ఉంది, గోడ మీద చారలు కట్టి ఉంది, అద్దాల బీరువాల మీద చుక్కలు చుక్కలుగా ఎండిపోయింది. ఆ బీరువాల్లో నలభై ఒక్క పాత రివాల్వర్లు. అన్నీ ఎనభై, తొంభై ఏళ్ళ కిందట ఎవరెవరి నడుములకో వేలాడి, చేతులు మారి మారి ఇక్కడికి చేరినవే. ఒక్కోదాని కిందా చిన్న కార్డు: ఎవరిది, ఎక్కడ కొన్నది, పిడి అడుగున కొట్టిన అంకె ఎంత. రైల్వేలో పని చేసి రిటైరైన హార్లన్, డెబ్బై నాలుగేళ్ళ మనిషి, వాటిని పిల్లల్లా చూసుకున్నాడు. నిన్న సాయంత్రం వాటి మధ్యనే కణతలో గుండు దిగి పడి ఉన్నాడు. పైన వంటింట్లో అతని కూతురు డార్లా, కడుపులో ఒక గుండు, భుజంలో ఒక గుండు. ఆ పిల్ల ఊపిరి మాత్రం పోలేదు. ఆపరేషన్ చేసి ఆస్పత్రిలో ఉంచారు.

"ఇంకా ఏం మిగిలిందని దిగారు కెల్సో గారూ?"

రాష్ట్ర పోలీసు లెఫ్టినెంట్ గ్రాంట్ మెర్సర్ మెట్ల కింద నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. అంత నెత్తురు మధ్య రాత్రంతా తిరిగినా బూడిదరంగు సూటు మీద మరక లేదు.

"మావాళ్ళు తెల్లార్లూ జల్లెడ పట్టేశారు. మీకు ఊక కూడా మిగల్లేదు," అన్నాడు.

"ఊక చెరగడమే మాకు అలవాటు బాబూ. ఇంతకీ ఏం తేల్చావు?"

"తేల్చడానికేముంది? ఈ పాత ఇనుమంతా అమ్మేయమని కూతురు పోరుతోంది. తండ్రి ససేమిరా అన్నాడు. పక్కింటావిడ ఆరూ పదికి రెండు దెబ్బలు వింది, ఆరూ పద్నాలుక్కి మూడోది. ముసలాడు తన రివాల్వర్లలో ఒకటి తీసి పైన కూతుర్ని కాల్చాడు, కిందికొచ్చి తనను కాల్చుకున్నాడు. పిడి మీద అతని చేతి ముద్రే ఉంది. పన్నెండింటికి ఫైలు మూసేస్తున్నా. ఆస్పత్రి గది ముందు మీరు పెట్టిన కాపలా కూడా ఎత్తేస్తా. చచ్చినవాడు లేచొచ్చి మళ్ళీ కాల్చడుగా?"

వెర్నా అప్పుడే కీడెంచేసింది. కాల్చినవాడు బతికే ఉంటే? ఆ పిల్ల కళ్ళు తెరిచిందంటే తన పేరు చెప్పేస్తుందని వాడికి తెలియదా? కాపలా ఎత్తేసిన గంటలో వాడు ఆ గదిలో ఉంటాడు. తల్లి కూడా లేని పిల్ల.

"ఆరూ నలభైకి బండి వెళ్ళిన చప్పుడు కూడా విన్నానందిగా పక్కింటావిడ?"

"ఆవిడకి ఎనభై ఒకటి. ఊళ్ళో కదిలే ప్రతి బండీ ఆవిడ చెవిలోంచే వెళ్తుంది."

"సరే. రివాల్వర్ చూపించు."

మెర్సర్ నిట్టూర్చి బల్ల మీది అట్టపెట్టె మూత తీశాడు. లోపల కదలకుండా కట్టి ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన స్మిత్ రివాల్వర్, ముప్ఫై ఎనిమిది క్యాలిబర్, వాల్‌నట్ చెక్క పిడి. ఇనుము మీద కాకి రెక్కలాంటి నీలపు నలుపు. వెర్నా మొగుడు రే బతికున్న రోజుల్లో ఇలాంటివి మూడు ఉండేవి. ఆదివారం చర్చి నుంచి రాగానే భోజనాల బల్ల మీద పరుచుకుని కూర్చునేవాడు. వద్దు మొర్రో, ఎప్పటికో ఒకదాంట్లో గుండు మిగిలిపోయి ఎవరో ఒకరు పోతారని వెర్నా ముప్ఫై ఏళ్ళు ఏడుస్తూనే ఉంది. ఏడుస్తూనే అన్నీ నేర్చుకుంది కూడా.

చేతి తొడుగు వేసుకుని, వంగి, చాలాసేపు చూసింది.

"కణతకి ఆనించి కాల్చుకున్నాడన్నావు. నెత్తురు గోడ దాకా చిందింది, చొక్కా చేతి మీద చిందింది. దీని మీదేది?"

"ఒక్కోసారి పడదు."

"నాలుగడుగుల అవతలి గోడ మీద పడింది, కణతకి అంటుకున్న గొట్టం మీద పడలేదా? పోనీ, చెక్క పిడి మీద అరచెయ్యి ముద్ర ఉందన్నావు. ట్రిగ్గర్ మీద వేలిముద్ర?"

"లేదు. ఇనుము మీద ఎక్కడా దొరకలేదు. ముద్రలు తీసే పొడి అంటుకుని ముద్దలు కట్టింది."

"ఎందుకు కట్టిందో? జిడ్డుంది కాబట్టి." వెర్నా గుళ్ళు పట్టే చక్రాన్ని నెమ్మదిగా పక్కకి తెరిచింది. "ఇలా వచ్చి చూడు. గుళ్ళు దూర్చే గదుల్లో మూడింటి లోపల మసి ఉంది. పేలిన గుళ్ళ ఖాళీ తొడుగులు మూడూ నువ్వే తీశావు. మరి చక్రం ముఖం మీద? ఒక్కో గుండు పేలినప్పుడల్లా అక్కడ ఒక నల్లటి వలయం పడుతుంది. గుడ్డ పెట్టి రుద్దితే గాని పోదు. ఇది అద్దంలా ఉంది. అంటే మూడో గుండు పేలిన తర్వాత దీన్ని ఎవరో కూర్చుని శుభ్రం చేశారు. ఏం లెఫ్టినెంట్, మీ ముసలాయన చచ్చాక లేచి, తుపాకీ తుడుచుకుని, మళ్ళీ వెళ్ళి చచ్చాడా?"

మెర్సర్ మొహం ఎర్రబడింది. కాని తెలివితక్కువవాడు కాదు.

"బాగుంది. హంతకుడున్నాడనే అనుకుందాం. ఆత్మహత్యని నమ్మించడానికి శవం చెయ్యి పట్టుకుని పిడి మీద ముద్ర వేయించాడు. అంత తెలివైనవాడు నెత్తురెందుకు తుడుస్తాడు? ఆ నెత్తురే కదా వాడికి సాక్ష్యం? దాన్ని అలా వదిలేస్తే నేను అసలు ఈ పెట్టె రెండోసారి తెరిచేవాణ్ణే కాదు. చెప్పండి, ఎందుకు తుడిచాడు?"

వెర్నా మళ్ళీ రివాల్వర్ మీదికే వంగింది.

"అదే మరి," అని అతను, కాపలా ఎత్తేయిద్దామని ఫోను తీసి, వెర్నా పై అధికారి షెరీఫ్ వెండెల్ కోయిల్‌కి కలిపాడు. వెర్నా ఫోను లాక్కున్నంత పని చేసింది.

"వెండెల్, నీకు దణ్ణం పెడతాను. సాయంత్రం దాకా కాపలా ఉంచు. ఆ పిల్లకేమన్నా అయితే నేను బతికుండగా నిద్రపోలేను."

"నువ్వెప్పుడు నిద్రపోయావు గనక వెర్నా?" షెరీఫ్ నవ్వాడు. "ఉంచుదాంలే. బోయ్డే ఉంటాడు. కొత్తవాణ్ణి వేస్తే మళ్ళీ అంతా చెప్పుకోవాలి. మెర్సర్‌తో నేను మాట్లాడతా."

ఫోను మెర్సర్ చేతిలో పెట్టేముందు, అతను అటు తిరిగిన క్షణంలో, వెర్నా ఒక దూదిపుల్లతో గొట్టం మీది జిడ్డు కాస్త అద్ది జేబులో వేసుకుంది. బయటికొచ్చి ముక్కు దగ్గర పెట్టుకుంటే వానలో తడిసిన ఉన్ని స్వెట్టర్ వాసన వేసింది.

కారులో కూర్చోగానే ఆస్పత్రికి ఫోను చేసింది. డిప్యూటీ బోయ్డ్ స్కాగ్స్ నిన్న రాత్రి పది నుంచీ డార్లా గది ముందు కుర్చీలోనే ఉన్నాడు. రెండో డ్యూటీ కూడా తనే అడిగి వేయించుకున్నాడు.

"బాగానే ఉంది మిస్ వెర్నా. ఇందాక వేళ్ళు కదిపింది. మధ్యాహ్నానికి తెలివొస్తుందంటున్నాడు డాక్టరు."

"ఎవర్నీ రానీకు నాయనా. ఏమన్నా తిన్నావా?"

"మీరు పంపిన టిఫిను తిన్నా, బిస్కెట్లూ గ్రేవీ. మీరు దిగులు పెట్టుకోకండి. నేను కదలను."

నాకు కొడుకుంటే ఇలాంటివాడు ఉండాలి అనుకుంది వెర్నా.

*

ఆ జిడ్డు సంగతి పాత తుపాకులవాళ్ళనే అడగాలని వెర్నా పదీ ఇరవైకి సంత మైదానం షెడ్డులోకి అడుగు పెట్టేసరికి లోపల కొట్లాట జరుగుతోంది.

రేపటి ప్రదర్శన కోసం పాత రివాల్వర్లు పోగుచేసేవాళ్ళు బల్లలు సర్దుకుంటున్నారు. ఇరవై మంది ముసలివాళ్ళు, దుప్పట్లు పరిచిన ఇరవై బల్లలు. వాళ్ళ పద్ధతులు వాళ్ళకుంటాయి. ఒకరి బల్ల మీది వస్తువుని ఇంకొకరు అడక్కుండా ముట్టుకోరు. ఇచ్చేవాడు చక్రం తెరిచి ఖాళీ చూపించి ఇస్తాడు, పుచ్చుకునేవాడు మళ్ళీ తన కళ్ళతో చూసుకుంటాడు. ఆ మర్యాదలన్నీ ఇప్పుడు నేలపాలయ్యాయి. డార్లాని వదిలేసిన మొగుడు ట్రాయ్, ఆరడుగుల మనిషి, పొద్దున్నే పూటుగా తాగేసి, బల్లలు తన్నేస్తున్నాడు. వందేళ్ళ తుపాకులు సిమెంటు గచ్చు మీద ఠంగుఠంగుమని పడుతున్నాయి.

"మీ తుప్పు ముక్కల కోసం నా డార్లాని చంపేశార్రా! ఎవడ్రా? ఎవడు?"

"నీ డార్లా ఏమిట్రా, దాని చెయ్యి విరగ్గొట్టినప్పుడు గుర్తులేదా నీ డార్లా అని?" అన్నాడు లైల్ ప్రూయిట్. డెబ్బై తొమ్మిదేళ్ళ మంగలి, ఆ ముసలివాళ్ళ క్లబ్బుకి పెద్ద.

ట్రాయ్ ఒక రివాల్వర్ ఎత్తి, తెరిచి ఉన్న చక్రాన్ని మణికట్టు విదిలించి ఫట్‌మని మూశాడు. షెడ్డులో ముసలివాళ్ళందరూ ఒక్కసారి మూలిగారు, చంటిపిల్లని ఎవరో గచ్చు మీద జారవిడిచినట్టు. మరుక్షణం అదే రివాల్వర్‌తో లైల్ మూతి మీద కొట్టాడు. పన్ను ఒకటి ఎగిరి దుప్పటి మీద పడింది. రెండో దెబ్బకి లైల్ మోకాళ్ళ మీద కూలిపోయాడు. మూడోదానికి చెయ్యెత్తేలోపు వెర్నా లాఠీ అతని మోకాలి చిప్ప మీద పడింది. ఎముక పటుక్కుమన్న చప్పుడు ఆవిడకే వినిపించి ఒళ్ళు జలదరించింది. అయినా ఆగలేదు. పడ్డవాడి మణికట్టు మీద ఇంకొకటి వేసింది. రివాల్వర్ జారిపోయింది.

"నిన్న సాయంత్రం ఆరుకి ఎక్కడున్నావు?"

"కోత మిల్లులో! ఏడు దాకా! అడుగు పో!" ట్రాయ్ చొంగ కారుస్తూ ఏడ్చాడు. "నా కాలు విరగ్గొట్టావే ముసలిదానా!"

"రెండోది ఉందిగా, జాగ్రత్తగా వాడుకో," అని బేడీలు వేసి బల్ల కాలికి తగిలించింది. మిల్లుకి ఫోను చేస్తే నిజమేనన్నారు.

అప్పుడు చూసింది లైల్‌ని. ముసలాయన ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. పెదవి చీలి వేలాడుతోంది, నెత్తురు గడ్డం మీంచి ధారగా కారుతోంది. అతను పెదవిని ముట్టుకోలేదు. నేల మీది రివాల్వర్‌ని ఒళ్ళోకి తీసుకుని, జేబులోంచి గుడ్డ లాగి, దాని మీద పడిన తన నెత్తురు తుడుస్తున్నాడు. గొట్టం, చక్రం, ట్రిగ్గర్ సందు, ఏదీ వదలకుండా. చేతులు గజగజ వణుకుతున్నాయి గాని తుడిచే తీరులో మాత్రం వణుకు లేదు.

"లైల్ గారూ, ముందు మూతి తుడుచుకోండి!"

"మూతి అతుక్కుంటుంది అమ్మాయ్. నెత్తురు పడితే ఈ మెరుగుని తెల్లారేసరికి తినేస్తుంది. మళ్ళీ పుట్టించలేం. నెత్తురంత పాడు వస్తువు లేదు ఇనుముకి."

వెర్నా అక్కడే ఒక పెట్టె మీద కూలబడింది. మెర్సర్ ప్రశ్నకి జవాబు కళ్ళముందే ఉంది. తెలివైనవాడు ఆ నెత్తురు తుడవడు. వీళ్ళలో ఒకడైతే తుడవకుండా ఉండలేడు. ఒక మనిషిని చంపి, ఇంకొకరిని చంపానని అనుకుని, ఒళ్ళంతా వణుకుతూ కూర్చున్నవాడి చేతులు ఏళ్ళ తరబడి అలవాటు కొద్దీ వాటి పని అవి చేసుకుపోయాయి. ఆరూ పద్నాలుగు నుంచి ఆరూ నలభై దాకా ఇరవై ఆరు నిమిషాలు.

ఎవరో ఐసు ముక్కలు తెచ్చి లైల్ మూతికి అదిమారు. వెర్నా తన పెట్టెని అతని ఎదురుగా లాక్కుంది.

"నిన్న ఆరుకి మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. బల్లలు మోస్తున్నాం. పద్నాలుగు మందిమి. నన్నే అనుమానిస్తున్నావా? రే తలకి చివరిసారి క్షవరం చేసింది నేను."

"రే ఉన్నా అడిగేదాన్ని. హార్లన్ తన తుపాకులకి ఏ నూనె రాసేవాడు?"

"నూనా!" లైల్ నొప్పిలోనే నవ్వాడు. "నూనె సీసా గడప దాటనిచ్చేవాడు కాదు. నూనె చెక్క పిడి కిందికి పాకి కుళ్ళబెడుతుందని వాడి గోల. మైనమే. ఇరవై ఏళ్ళుగా మైనం."

వెర్నా దూదిపుల్ల ఇచ్చింది. లైల్ వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. కళ్ళలో నవ్వు ఆరిపోయింది.

"ఇదెక్కడిది?"

"హార్లన్ని చంపినదాని మీదిది."

"గొర్రె బొచ్చు కొవ్వు ఇది. కాచి, వడకట్టి చేసుకోవాలి. దుకాణాల్లో అమ్మేదానికి ఇంత కంపు ఉండదు." అతను పుల్లని దూరంగా పట్టుకున్నాడు. "అమ్మాయ్, నువ్వు వేరే సంగతి ముందు వినాలి. హార్లన్ పోయిన నెల పక్క రాష్ట్రంలో ఒక పాత కోల్ట్ రివాల్వర్ కొన్నాడు. ఇంటికొచ్చి పిడి అడుగున అంకె చూస్తే, అది మా గస్ టోలివర్‌ది. గస్ పోయాక వాళ్ళావిడ ఇంట్లో తుపాకీ ఉంటే భయమని మీ ఆఫీసులో ఇచ్చేసింది. కరిగించేశామని మీవాళ్ళు కాయితం కూడా ఇచ్చారు. కరిగిపోయినది అమ్మకపు బల్ల మీదికెలా వచ్చింది?"

ఈ కౌంటీలో మొగుడు పోయిన ఆడవాళ్ళు చాలామంది అలాగే ఇచ్చేస్తారు. రే పోయిన వారానికి తనూ మూడూ ఇచ్చేసింది. సంతకం పెట్టించుకుని, సంచీలో వేసుకుని, "ఇక మీకు భయం లేదు మిస్ వెర్నా" అన్న మనిషి మొహం కళ్ళముందు కదిలింది.

"హార్లన్ ఎవరికి చెప్పాడు?"

"నిన్న పొద్దున్న మీ ఆఫీసుకే ఫోను చేశాడు. సాయంత్రం మనిషిని పంపుతామన్నారట. కోల్ట్ తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చుంటానన్నాడు నాతో."

బీరువాల్లో నలభై ఒకటి ఉన్నాయి. హార్లన్ బల్ల మీద మాత్రం ఏ కోల్టూ లేదు.

"గొర్రె కొవ్వు రాసేదెవరు లైల్ గారూ?"

"మా క్లబ్బులో ఒక్కడే. వాళ్ళమ్మ గొర్రెల్ని పెంచేది. జేబులో ఎప్పుడూ ఆ కంపు గుడ్డ పెట్టుకు తిరుగుతాడు. నీకు తెలీదూ? మీవాడేగా. ఇచ్చేసిన తుపాకులు పెట్టే మీ సామాన్ల గది తాళాలు ఉండేది వాడి దగ్గరేగా. బోయ్డ్."

*

పదకొండూ పన్నెండుకి వెర్నా కారు ఎక్కింది. ఆస్పత్రి పదకొండు మైళ్ళు. బోయ్డ్ ఫోను మోగి మోగి ఆగిపోయింది. నర్సుల బల్ల దగ్గర ఎవరూ ఎత్తలేదు. వైర్‌లెస్‌లో ఆఫీసుకి అరిచింది: "షెరీఫ్‌కి చెప్పండి! బోయ్డే హంతకుడు! డార్లా గదికి మనుషుల్ని పంపమనండి, ఇప్పుడే!" తర్వాత మెర్సర్‌కి చేసింది.

"మీరే గెలిచారు కెల్సో గారూ," అన్నాడు అతను ఎకసెక్కంగా. "మీ షెరీఫ్ నా నెత్తినెక్కి కూర్చున్నాడు. ఆ గదిలోకి బోయ్డ్ తప్ప ఈగ కూడా పోకూడదట. నర్సులు కూడా అతన్ని అడిగే వెళ్ళాలని నాచేతే ఆర్డరు రాయించాడు. చాలా మీకు?"

పొద్దున్న పోట్లాడి, దణ్ణం పెట్టి, తోడేలుని తెచ్చి తలుపు దగ్గర కూర్చోబెట్టింది తనే. దానికి తిండి పెట్టింది కూడా తనే.

"మెర్సర్, చంపింది బోయ్డే."

అవతల బ్రేకు కీచుమంది.

"నలభై మైళ్ళ దూరంలో ఉన్నా," అన్నాడు మెర్సర్. గొంతులో ఎకసెక్కం పోయింది. "తిప్పుతున్నా."

పదకొండూ ఇరవై ఆరుకి మూడో అంతస్తు మెట్లెక్కింది. ఊపిరి అందడంలేదు. చచ్చిపోయి ఉంటుంది, ఆ పిల్ల చచ్చిపోయి ఉంటుంది అని ప్రతి మెట్టు దగ్గరా అనుకుంది. వసారా ఖాళీ. తలుపు దగ్గర కుర్చీ ఖాళీ. తలుపు మూసి ఉంది.

తన్ని తెరిచింది.

బోయ్డ్ మంచం మీదికి వంగి ఉన్నాడు. రెండు చేతుల కింద దిండు, దిండు కింద డార్లా. పిల్ల కాళ్ళు దుప్పట్లో కొట్టుకుంటున్నాయి.

"వదులు!"

అతను తిరిగి చూశాడు. అదే మంచి మొహం. "తలుపు కొట్టాలి మిస్ వెర్నా," అన్నాడు, కుడిచెయ్యి నడుము దగ్గరకి పోతూ.

ఇద్దరూ ఒకేసారి కాల్చారు. వెర్నా ఎడమ చేతి కండని ఏదో కాల్చిన కడ్డీలా చీల్చుకుపోయింది. గోడకి కొట్టుకుని కింద పడుతూనే మళ్ళీ రెండుసార్లు కాల్చింది. ఒకటి అతని గొంతు కింద, ఒకటి పక్కటెముకల్లో. బోయ్డ్ మందుసీసా వేలాడే స్తంభాన్ని కౌగిలించుకుని, దానితోపాటే నేలకూలాడు. మడమలు నేల మీద టపటపా కొట్టుకున్నాయి. నోట్లోంచి ఎర్రటి బుడగలు వచ్చాయి. కాసేపటికి బుడగలూ ఆగాయి.

వెర్నా పాక్కుంటూ వెళ్ళి దిండు లాగిపారేసింది. డార్లా నీలంగా ఉంది. ఒక్క క్షణం. రెండు క్షణాలు. అప్పుడు పెద్దగా ఊపిరి లాగి కళ్ళు తెరిచింది.

తెరిచి, వెర్నా గోధుమరంగు చొక్కా చూసింది. చూసి, గొంతు చీలిపోయేలా కేక పెట్టింది. చేతికున్న గొట్టాలు పీకేస్తూ గోడ వైపుకి ముడుచుకుపోతోంది.

"నేను కాదమ్మా! నేను వాళ్ళదాన్ని కాదు!" ఎంత చెప్పినా వినడంలేదు. వెర్నా ఒక్క చేత్తో బొత్తాలు తెంపేసి, చొక్కా విప్పి, బ్యాడ్జితో సహా మూలకి విసిరేసింది. నెత్తురు కారుతున్న చేత్తో, తెల్లటి లోబనీనుతో, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "చూడు తల్లీ. మీ అమ్మ వయసుదాన్ని. వాడు పోయాడు. నిన్ను కాల్చినవాడు పోయాడు. ఇక భయంలేదు."

డార్లా తల అడ్డంగా ఊపింది. పెదాలు కదిలాయి. వెర్నా చెవి ఆనించింది.

"ఇద్దరు," అంది డార్లా. "కిందికి వెళ్ళినవాడు... వీడే. వంటింట్లో నన్ను కాల్చింది వీడు కాదు. ఇంకొకడు. పెద్దాయన. నవ్వుతూ కాల్చాడు."

వెర్నా తల తలుపు వైపు తిప్పింది. సాయంత్రం మనిషిని పంపుతామన్నదెవరు? బోయ్డే ఉండాలన్నదెవరు? మెర్సర్ చేత ఆర్డరు రాయించిందెవరు? ఇందాక కారులోంచి తను అరిచి మరీ పిలిచిందెవర్ని?

తలుపు దగ్గర పాలిపోయిన మొహంతో నర్సు నిలబడి ఉంది.

"అమ్మా, మీరేం కంగారుపడకండి," అంది. "కింద నుంచి ఫోను వచ్చింది. షెరీఫ్ కోయిల్ గారు వచ్చేశారట. ఒక్కరే పైకి వస్తున్నారు. అందరినీ మెట్ల దగ్గరే ఆగమన్నారట."

"తలుపు గడియ వెయ్యి," అంది వెర్నా. "నువ్వు లోపలే ఉండు. ఆ బీరువా ఇటు తొయ్యి."

ఫోను ఎత్తింది. వేళ్ళు నెత్తురుతో జారిపోతున్నాయి. మెర్సర్ మొదటి గంటకే పలికాడు.

"ఎంత దూరంలో ఉన్నావు నాయనా?"

"పాతిక నిమిషాలు. ఎందుకు? ఏమైంది? బతికే ఉందా?"

"ఉంది," అంది వెర్నా. డార్లా చెయ్యి ఆవిడ మెడని గట్టిగా పట్టుకుని ఉంది. తన రివాల్వర్‌లో ఇంక మూడే ఉన్నాయి. "ఇప్పటిదాకా ఉంది. పాతిక నిమిషాలు నేనుంచుతాను."

వసారా చివర లిఫ్టు ఆగిన చప్పుడైంది. బరువైన బూట్లు, తొందరేం లేనట్టు, ఇటే వస్తున్నాయి.